రాయి అరిగింది, రబ్బరు మిగిలింది

శంకుస్థాపన ఫలకాలు చెక్కే దుకాణాల్లో ఒక చిత్రం కనిపిస్తుంది. చీమకుర్తి నల్ల గ్రానైటు పలక మీద ముందు పల్చటి రబ్బరు షీటు అతికిస్తారు. అక్షరాలు రావలసిన మేరకు దాన్ని కత్తిరించి తీసేసి, కంప్రెసర్ గాలితో ఇసుకలాంటి పొడిని పలక మీదికి జోరుగా కొడతారు. చూస్తుండగానే రాయి గుంటపడి అక్షరం తేలుతుంది. పక్కనే, అదే దెబ్బలు తిన్న రబ్బరు మాత్రం దాదాపు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. ఈ ఇసుక దెబ్బ పద్ధతికి 1870లో అమెరికాలో బెంజమిన్ టిల్గ్‌మన్ పేటెంటు తీసుకున్నాడు. ఉలికి కూడా మొరాయించే రాయి ఓడిపోయి, చాకుతో తేలిగ్గా తెగే రబ్బరు గెలవడంలో మాయేమీ లేదు. రేణువు తెచ్చిన వేగాన్నంతా రాయి ఒకే చోట తీసుకుని చిట్లుతుంది. రబ్బరు కాస్త లోపలికి వంగి, రేణువును వెనక్కి తోసి, మళ్లీ సర్దుకుంటుంది. దూరప్రయాణాల బైకులకు వెనకా పక్కలా బిగించే సామాను పెట్టెల పూత ఈ రబ్బరు పాఠం దగ్గరికి రావడానికి నూరేళ్లకు పైగా పట్టింది. అంతకాలం పూత పనివాళ్లు మెరుపు వెంట పడటమే ఆలస్యానికి కారణమని నా వాదన.

రైళ్లూ ఆవిరి ఓడలూ వచ్చాక సామాను ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలైంది. 1858లో లూయీ విట్టాన్ పారిస్‌లో బల్లపరుపు మూత ఉన్న ట్రంకు తయారుచేసి, నీళ్లు ఇంకని బూడిదరంగు కాన్వాసు తొడిగాడు. అలాంటి పెట్టెల మీద అడ్డంగా చెక్క పట్టీలు, మూలలకు ఇత్తడి తొడుగులు ఉండేవి. అలంకారంగా కనిపించినా వాటి అసలు పని వేరు. కూలీ పెట్టెను నేల మీద ఈడ్చినప్పుడు ముందు పట్టీ అరిగేది, కాన్వాసు బతికేది. మన ఇళ్లలో ఇనప ట్రంకు పెట్టెది ఇంకో దారి. పచ్చ ఎనామిల్ రంగు, మూత మీద గులాబీ పువ్వు, దాని మీద మళ్లీ ఖాకీ గుడ్డ తొడుగు. పువ్వు ఎవరికీ కనపడకపోయినా ఫరవాలేదు, గీత పడకపోతే చాలు. రంగు తుప్పును ఆపగలదేమో గానీ రాపిడిని ఆపలేదని ఆ తొడుగు కుట్టించిన ఇల్లాలికి తెలుసు. రంగుల కంపెనీలకు ఆ సంగతి చాలాకాలం పట్టలేదు.

పట్టకపోవడానికి వారసత్వం కూడా ఒక కారణం. తూర్పుదేశాల పూతలన్నీ నునుపుకూ మెరుపుకూ పేరుపడ్డవి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మను లేతు మీద తిప్పుతూ లక్క కర్రను ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. తరవాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. జపాన్‌లో చెట్టు పాలతో పొరలు పొరలుగా వేసే ఉరుషి పూతను చూసి మురిసిపోయిన యూరప్‌వాళ్లు, ఆ చెట్టు తమ దగ్గర లేక తారులాంటి పదార్థంతో నల్లటి నకలు చేసుకున్నారు. కుట్టుమిషన్లు, సైకిళ్లు, చివరికి ఫోర్డ్ మోడల్ టి కారు దాకా ఆ నలుపు పాకింది. 1914 నుంచి 1925 వరకు ఆ కారు వేరే రంగులో దొరకలేదు. 1923లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే కారు పెయింటు తెచ్చింది, మరుసటి ఏడాది మోడల్ ఓక్లాండ్ కార్లకు అది నీలంగా ఎక్కింది. వారాలు పట్టే ఆరుదల గంటల్లోకి దిగింది. ఈ వరసలో ప్రతి అడుగూ ఎంత మెరుస్తుంది, ఎంత త్వరగా ఆరుతుంది అన్న ప్రశ్నలకే జవాబు. ఎంత రాపిడికి ఆగుతుందన్నది వెనకబెంచీలోనే కూర్చుంది.

రోడ్డు దుమ్ములో ఎక్కువగా ఉండేది ఇసుక, అంటే క్వార్ట్‌జ్. ఖనిజాల గట్టితనం కొలిచే మోస్ స్కేలు మీద అది 7. కిటికీ అద్దం సుమారు 5.5. మామూలు రంగుపూత అద్దం దరిదాపుల్లోకి కూడా రాదు. అంటే గట్టి పూతతో గీతల్ని జయించాలనుకోవడం మొదటినుంచీ ఓడిపోయే పందెం. బైకు పెట్టె విషయంలో అది మరీ త్వరగా ఓడిపోతుంది. ఆ పక్క పెట్టెను ఇంగ్లీషులో పిలిచే ప్యానియర్ అన్న మాటకు లాటిన్ మూలం రొట్టెల బుట్ట. గాడిద వీపు మీంచి ఇరువైపులా వేలాడిన ఆ బుట్ట తోలు సంచిగా, ఫైబర్‌గ్లాస్‌గా, ప్లాస్టిక్‌గా మారుతూ వచ్చింది. మాజీ రేసర్ జుసెప్పే విజెంజీ 1978లో ఇటలీలోని బ్రెషా ప్రాంతంలో గివి కంపెనీ పెట్టాడు. 1980లో హోండా గోల్డ్‌వింగ్ ఇంటర్‌స్టేట్ ఫ్యాక్టరీ నుంచే పెట్టెలతో వచ్చింది. ఇలాంటి పెట్టెలు చాలావాటికి పెట్రోలు ట్యాంకు రంగే, ట్యాంకు మెరుపే. కానీ ట్యాంకు రైడరు మోకాళ్ల మధ్య భద్రంగా ఉంటుంది. పక్క పెట్టె బండిలో అన్నిటికన్నా బయటికి పొడుచుకొచ్చిన భాగం. గేటు స్తంభం తగిలేది దానికే, పార్కింగులో పక్కబండి హ్యాండిలు గీసేది దాన్నే. బండి పక్కకి ఒరిగితే ముందు నేలను తాకేదీ అదే. ఇవేవీ జరగకపోయినా రైడరు ఎక్కేటప్పుడు కాలు తిప్పే ప్రతిసారీ బూటు మడమ పెట్టె పైఅంచును ఒకేచోట రాస్తుంది. కొన్ని నెలలకు అక్కడ నెలవంకలాంటి తెల్లటి మరక పడుతుంది.

జవాబు వచ్చింది బైకుల వైపు నుంచి కాదు. 1937లో జర్మనీలోని లెవర్‌కూజెన్‌లో ఒట్టో బేయర్ బృందం రెండు ద్రవాలను కలిపి పాలీయురెథేన్ తయారుచేసింది. దాని గొలుసులో గట్టి ముక్కా సాగే ముక్కా ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. పాళ్లు మారిస్తే పరుపు నురుగూ అవుతుంది, చక్రం టైరూ అవుతుంది. దాన్ని రాపిడి మీదికి ఉసిగొల్పింది అమెరికా పికప్ ట్రక్కులు. ఇటుకలూ పారలూ పడేసే తొట్టికి మొదట విడి ప్లాస్టిక్ తొడుగు అమర్చేవారు. మన ఖాకీ గుడ్డ ఆలోచనే. అయితే తొడుగుకీ ఇనుముకీ మధ్య నీళ్లూ ఇసుకా చేరి, బండి అదురుకు ఆ ఇసుకే కింద రంగును నూరేసేది. తీసిచూస్తే తుప్పు. సందే లేకుండా పాలీయురెథేన్‌ను నేరుగా ఇనుము మీద కొడితే? 1988లో రైనో లైనింగ్స్, 1993లో లైన్-ఎక్స్ ఆ వ్యాపారంలోకి దిగాయి. దుకాణంలో వేసే పూత మందం సుమారు 3 మిల్లీమీటర్లు, అంటే కారు పెయింటుకు ఎన్నో రెట్లు. తరవాత అదే సరుకు చిన్న సీసాల్లోకి దిగింది. రాప్టర్ అనే బ్రాండు సీసాలో 750 మిల్లీలీటర్ల పూత ఉంటుంది. అందులో పూతను గట్టిపరిచే హార్డెనర్ 250 మిల్లీలీటర్లు పోసి గిలక్కొట్టి, సీసాకే గన్ బిగించి కొట్టడమే. బైకు పెట్టె దాకా ఆ పూత వచ్చింది ఈ సీసా పుణ్యమే.

ఆరాక నారింజ తొక్కలాంటి గరుకుదనం వస్తుంది. ఇది గీతను ఆపడం కాదు, దాచడమేనని కొందరంటారు. సగం నిజమే. నున్నటి మెరుపు మీద సన్నగీత కూడా వెలుగులో వెండితీగలా కనిపిస్తుంది, గరుకు మీద కలిసిపోతుంది. అయితే మిగతా సగం గ్రానైటు పలక దగ్గర చూశాం: సాగే పొర నిజంగానే తక్కువ అరుగుతుంది. ఇంత మొరటు పూత దేనికి, పారదర్శకమైన ఫిల్ము అతికిస్తే అందం పోదు కదా అన్న ప్రశ్న ఇంకాస్త బలమైనది. ఆ ఫిల్ము కూడా పాలీయురెథేనే. హెలికాప్టర్ రెక్కల అంచులు ఇసుకకు అరగకుండా వాడిన సరుకులోంచే కార్లకు వచ్చింది. అది నా వాదనకు సాక్ష్యమే అవుతుంది. చదునైన పెట్టెకు ఫిల్ము బాగానే కుదురుతుంది. గుండ్రటి మూలల దగ్గర మాత్రం మడతపడుతుంది, అంచు లేచిన చోట దుమ్ము చేరి నల్లటి గీత కడుతుంది.

నేను తేలిగ్గా కొట్టిపారేయలేని అభ్యంతరం ఊపిరితిత్తులది. హార్డెనర్‌లో ఉండేవి ఐసోసయనేట్లు. భోపాల్‌లో 1984 డిసెంబరులో ప్రాణాలు తీసిన మిథైల్ ఐసోసయనేట్ వీటికి దూరపు చుట్టం. హార్డెనర్‌లోది అదే పదార్థం కాదు, అంత తేలిగ్గా ఆవిరయ్యేదీ కాదు. కానీ గన్‌లోంచి వచ్చే సన్నటి తుంపర పీలిస్తే ఉబ్బసం పట్టుకోవచ్చు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే, ఆ తరవాత కొద్దిపాటి వాసనకే ఆయాసం వచ్చేవాళ్లు ఉంటారు. ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని అపార్టుమెంటు సెల్లారులో చేసే పని కాదిది. బయటి గాలి అందించే మాస్కు ఉన్న షాపుకు ఇవ్వడమే మంచిది. ఆ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకుని, పెట్టె దానికి తగునా అని చూసుకోవాలి. ఏడాదికి రెండుసార్లు ఊరెళ్లే బండికి అక్కర్లేదు. లదాఖ్ రాళ్లదారుల్లో తిరిగే పెట్టెకు తగును.

పనిలోనూ ఒక తమాషా ఉంది. నున్నటి ప్లాస్టిక్ మీద ఏ పూతా నిలవదు కాబట్టి, కొత్త పెట్టె మెరుపంతా పోయి పాలిపోయేదాకా ఎమరీ పేపరుతో రుద్దాలి. ఇన్నాళ్లూ ఏ గీతలకు భయపడ్డామో వాటిని మన చేత్తోనే, ఒక్క అంగుళం వదలకుండా పెట్టాలి. ఏబీఎస్ ప్లాస్టిక్ అయితే ఆ తరవాత పూత పట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ అయితే అతుకు పెంచే ప్రత్యేక ప్రైమర్ లేకుండా కొడితే పెచ్చుపెచ్చుగా లేచిపోతుంది. తాళం కన్నం, కీళ్లు, రబ్బరు సీలు కూర్చునే గాడి మాస్కింగ్ టేపుతో మూయాలి, ఎందుకంటే ఇంత మందపు పూత గాడిలోకి దిగితే మూత పడదు. ఆ టేపును పూత పచ్చిగా ఉండగానే పీకాలి. పొద్దున చూద్దాంలే అని వదిలేస్తే, టేపుతోపాటు అంచు కూడా రబ్బరు ముక్కలా సాగి ఊడివస్తుంది.