ఎండదారిని తలగుడ్డ

రెంటచింతల, రామగుండము వంటి చోట్ల వైశాఖ జ్యేష్ఠముల వడగాలి మోటారు సైకిలు నడుపువానికి చల్లదన మొసగదు. దేహతాపమును మించిన గాలి వేగముగా తాకినకొలది చెమట నార్చి మేనిని మఱింత శోషింపజేయును. అనుభవమున దీని నెఱిగిన మన రైతు, 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు బండ్ల కూర్పు మొదలైన పిదప, పొలమున తలకు చుట్టిన నూలు తువ్వాలునే చెవులను ముక్కును గప్పునట్లు బిగించి బండి నెక్కెను. తడిసిన నూలుగుడ్డ నీటిని మెల్లగా ఆవిరిగా విడుచుచు చర్మమును చల్లబఱచును; పొడుగు చేతుల వదులు చొక్కాయు నంతే. పొట్టిచేతులే హాయి యనుకొనుట పెద్ద పొరపాటు.

అయినను తువ్వాలు ఎండ నాపునుగాని దెబ్బ నాపలేదు. 1935లో ఆంగ్ల సేనాధికారి టి.ఇ. లారెన్సు మోటారు సైకిలు ప్రమాదమున తలకు గాయమై మరణింపగా, ఆయనకు చికిత్స చేసిన హ్యూ కెయిర్న్సు ఆ దుఃఖమునుండియే శిరోగాయముల పరిశీలనకు పూనుకొని, 1941లో హెల్మెట్టు ప్రయోజనమును లోకమునకు ప్రకటించెను. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 129వ సెక్షను హెల్మెట్టు ధారణమును విధించి, తలపాగా ధరించు సిక్కులను మినహాయించెను.

పాఠకులారా, తాతలనాటి తువ్వాలును విడువకుడు. పలుచని నూలుగుడ్డను తలకు చుట్టి, దానిపై హెల్మెట్టును బిగించి బయలుదేరుడు.