గొలుసులు వీడిన పుస్తకం

మధ్యయుగపు ఐరోపాలో గ్రంథాలను అరలకు గొలుసులతో బంధించేవారు. చేతిరాత ప్రతి పోతే మళ్ళీ దొరకదన్న భయమే అందుకు కారణం. అచ్చుయంత్రంతో ఆ భయం తీరినా, కాపలా బుద్ధి మాత్రం గ్రంథాలయాలను చాలాకాలం వదల్లేదు.

1924లో గణితాధ్యాపకుడు ఎస్.ఆర్. రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేవరకూ మన కోస్తా కళాశాలలకు కూడా ఆ విశ్వవిద్యాలయమే దిక్కు. ఆయన ఇంగ్లండులో శిక్షణ పొంది వచ్చి, పాఠకులే అరల దగ్గరకు వెళ్ళి పుస్తకం ఎంచుకునే పద్ధతి ప్రవేశపెట్టారు. 1931లో ప్రకటించిన ఐదు సూత్రాలలో మొదటిది, పుస్తకాలున్నది ఉపయోగం కోసమని. రెండవది, ప్రతి పాఠకునికీ తన పుస్తకం అందాలని.

పాఠ్యపుస్తకం దగ్గర ఈ రెండవ సూత్రానికి గట్టి పరీక్ష ఎదురవుతుంది. ఒక్క నవలను ఏడాది పొడవునా ఒకరి తరువాత ఒకరు చదువుకోవచ్చు. పాఠ్యపుస్తకమో, తరగతి మొత్తానికీ పరీక్షల ముందు ఒకేసారి కావాలి. అందుకే కొన్ని ప్రతులను పఠన మందిరం దాటనివ్వకపోవడం, పేద విద్యార్థులకు బుక్‌బ్యాంకు ద్వారా ఏడాదంతా అరువివ్వడం వంటి ఏర్పాట్లు పుట్టాయి. నేను కూడా అలా అరువు తెచ్చుకున్న పుస్తకాలతోనే పరీక్షలు గట్టెక్కినవాణ్ణి.

ఆపై జిరాక్సు వచ్చింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ దుకాణం, గ్రంథాలయ పుస్తకాల నుండి పాఠ్యభాగాలను నకలు తీసి విద్యార్థులకు అమ్మేది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఆ దుకాణంపైనా, విశ్వవిద్యాలయంపైనా వ్యాజ్యం వేశాయి. విద్యార్థులు, అధ్యాపకులు కూడా వ్యాజ్యంలో చేరి తమ వాదన వినిపించారు. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు వ్యాజ్యాన్ని కొట్టివేసింది. గ్రంథాలయంలో కూర్చుని చేత్తో రాసుకుంటే లేని తప్పు, యంత్రంతో తీసుకుంటే ఎలా వస్తుందన్నది తీర్పులోని తర్కం. ఆ డిసెంబరులో ధర్మాసనం కొన్ని అంశాలను తిరిగి విచారించమన్నా, బోధనకు అవసరమైన మేరకు నకళ్ళు తీసుకోవచ్చన్న మూలసూత్రాన్ని నిలిపింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు.

రచయితకు ప్రతిఫలం దక్కాలన్న మాటను నేను కాదనను. అయితే కొనే స్తోమత ఉన్నవాడికే చదువన్నప్పుడు, మనం తెంచామనుకున్న గొలుసు ధర రూపంలో తిరిగి వస్తుంది. దాన్ని విప్పే తాళంచెవి విశ్వవిద్యాలయ గ్రంథాలయం చేతిలోనే ఉంది.