శీతకాలంలో పెంపుడు కుక్కలకు వ్యాయామం – యజమానులు పాటించవలసిన అంశాలు

ఏలూరు జిల్లా పెదవేగి పరిసరాల్లోని ఆయిల్ పామ్, కోకో, కొబ్బరి తోటల మకాముల వద్దను, కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువు గట్లపైనను కుక్కలు రేయింబవళ్లు కాపలా కాస్తుంటాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లో ముద్దుగా పెంచుకునే లాబ్రడార్, పొమెరేనియన్ వంటి జాతులు ఇంటి నాలుగు గోడల మధ్యనే గడుపుతాయి. గొలుసుకు కట్టి ఉంచిన కాపలా కుక్కకూ, గడప దాటని పెంపుడు కుక్కకూ కొరవడేది ఒక్కటే. అది చాలినంత నడక. ఈ లోటును తీర్చేందుకు శీతకాలం మిక్కిలి అనువైనది.

ఈ ప్రాంతానికి చలికాలమే అదను

మంచు కురిసే దేశాలలో శీతకాలమందు కుక్కలను బయట తిప్పడం కష్టమవుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ సీమలో పరిస్థితి ఇందుకు భిన్నం. కుక్కకు మనిషివలె ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి వగర్చడం ద్వారానే అది ప్రధానంగా శరీరంలోని వేడిని తగ్గించుకుంటుంది. ఎండ 40 డిగ్రీలు దాటే వేసవిలో, గాలిలో తేమ కూడా ఎక్కువైనప్పుడు వగర్పు ఒక్కటే చాలదు. అట్టి వేళ పరుగు పెట్టిస్తే వడదెబ్బ తగిలి ప్రాణాపాయం కలుగవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ భయం తక్కువ.

అయినప్పటికీ చలికి యజమానులు ఆలస్యంగా లేవడం, పొద్దు త్వరగా కుంకడం వల్ల ఈ నెలల్లోనే కుక్కల నడక తగ్గిపోతుంది. తిండి మాత్రం తగ్గదు. ఫలితంగా ఒంట్లో కొవ్వు చేరి కీళ్లపై భారం పడుతుంది. పక్కటెముకలపై చేయి వేసి నిమిరినప్పుడు ఎముకలు తేలికగా చేతికి తగలకపోతే కుక్క బరువు పెరిగినట్లు గుర్తించాలి. కదలిక లేని కుక్క అకారణంగా మొరగడం, నేల తవ్వడం, తన పాదాలను తానే కొరుక్కోవడం, మనుషులపైకి ఉరకడం వంటి లక్షణాలను కూడా కనబరుస్తుంది.

వ్యాయామం చట్టబద్ధమైన బాధ్యత

కుక్కను నడిపించడం యజమాని ఇష్టాయిష్టాలకు వదిలిన విషయం కాదు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం, ఎల్లప్పుడూ గొలుసుతో కట్టి ఉంచే లేదా ఇరుకు చోట బంధించి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడం నేరం. మితిమీరి పొట్టిదైన లేదా బరువైన గొలుసుతో అధిక సమయం కట్టి ఉంచడమూ నేరమే. ఈ చట్టానికి బాటలు వేసిన రుక్మిణీదేవి అరండేల్ 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. తొలి నేరానికి చట్టం నిర్దేశించిన జరిమానా 50 రూపాయలకు మించనిదే అయినా, మూగజీవి పట్ల యజమాని బాధ్యతను అది స్పష్టంగా నిర్వచించింది.

ఎంత సేపు, ఏ వేళ

• ఆరోగ్యంగా ఉన్న వయోజన కుక్కను రోజుకు రెండు పర్యాయాలు, ఒక్కొక్కసారి అరగంట చొప్పున నడిపించడం మంచిది. చురుకైన పెద్ద జాతులకు ఇంకా ఎక్కువ సమయం కావాలి.

• వేకువనే కాక, పొగమంచు విడిన తరువాత బయలుదేరాలి. డిసెంబరు, జనవరి నెలల్లో దట్టమైన మంచు వల్ల జాతీయ రహదారిపైనను, కాలువ గట్ల రోడ్లపైనను వాహనచోదకులకు ఎదుటివారు కనిపించరు. నడకలో పట్టీని పొట్టిగా పట్టుకోవాలి.

• కడుపు నిండా తిన్న వెంటనే పరుగెత్తించరాదు. లోతైన ఛాతీ గల పెద్ద జాతులలో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది.

• వయసు మళ్లిన కుక్కలకు చలికి కీళ్లు బిగుసుకుంటాయి. వాటిని ఎండ వచ్చాక నెమ్మదిగా, కొద్ది దూరం మాత్రమే నడిపించాలి.

• టీకాలు పూర్తికాని పిల్లలను వీధుల్లో తిప్పరాదు. పార్వో వ్యాధి సోకిన కుక్కల మలం ద్వారా ఆ క్రిమి వ్యాపిస్తుంది. అంతవరకు పెరట్లోనే బంతితో ఆడించవచ్చు.

• ముసురు పట్టిన రోజున వరిగడ్డిలో తినుబండారపు ముక్కలు దాచి వెతికించడం మంచి ఆట.

తోటల్లో, కొల్లేటి గట్లపై జాగ్రత్తలు

కోకో గింజల్లోని థియోబ్రోమిన్ కుక్కలకు విషం. గింజలు పులియబెట్టే, ఎండబెట్టే కళ్లాల దరికి వాటిని చేరనీయరాదు. ఉల్లిపాయ కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తుంది కనుక తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ వంటి చోట్ల కింద పడిన పాయలను తిననీయరాదు. పొలాల్లోను, ఆయిల్ పామ్ తోటల్లోను ఎలుకల మందు పెట్టిన రోజుల్లో కుక్కను విప్పి వదలరాదు.

కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటితమై, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. శీతకాలంలో ఆటపాక వద్ద గూడబాతులు పిల్లలను సాకుతాయి, వలస పక్షులు మేతకు దిగుతాయి. ఆ పరిసరాలకు కుక్కలను తీసుకువెళ్లకపోవడమే ఉత్తమం. చెరువులో ఈదిన కుక్కను వెంటనే పొడిగుడ్డతో తుడిచి ఎండలో ఉంచాలి.

పడక, టీకా

పలుచని బొచ్చు గల నాటు కుక్కలకు రాత్రివేళ గాలి తగలని చోట గోనెసంచి లేదా ఎండుగడ్డి పరవాలి. సంక్రాంతి పిండివంటలు, ఉడికించిన కోడి ఎముకలు పెట్టరాదు. బయట తిరిగే ప్రతి కుక్కకు మూడు నెలల వయసు నిండాక రేబిస్ టీకా వేయించి, పశువైద్యుని సలహా మేరకు మరల మరల వేయిస్తుండాలి. ఎవరినైనా కుక్క కరిచినట్లయితే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, జాప్యం లేకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాలి.

రాత్రంతా మేలుకొని తోటను కాచే కుక్కకు పగటిపూట ఒక గంట నడక పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఈ శీతకాలంలో యజమానులు దానిని అలవాటు చేసుకున్నట్లయితే, వేసవిలోనూ ఉదయం, సాయంత్రం చల్లని వేళల్లో కొనసాగించడం సులభమవుతుంది.