ఆకాశంలో ఉక్కుతీగల కంచె

సంక్రాంతి రోజుల్లో గాలిపటం మాంజా తగిలి, స్కూటరు మీద వెళ్ళేవారి మెడ తెగిన వార్తలు మీరు చదివే ఉంటారు. పైన ఎగిరే గాలిపటం ఎవరినీ ఏమీ చేయదు. కంటికి ఆనని దారంతోనే ప్రమాదం. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ శత్రువిమానాలకు ఇలాంటి ఉచ్చే పన్నింది.

1938 నవంబరులో అక్కడి వైమానికదళం 'బెలూన్ కమాండ్' అనే ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. 1940 మధ్యకల్లా 1,400 బెలూన్లు సిద్ధమయ్యాయి. అందులో మూడోవంతు లండన్ చుట్టూనే ఉండేవి. చేపలాంటి ఆకారం, 19 మీటర్ల పొడవు, కడుపులో సుమారు 540 ఘనపు మీటర్ల హైడ్రోజన్. కింద లారీ మీది చక్రానికి చుట్టిన ఉక్కుతీగ దాన్ని పట్టి ఉంచేది.

ఒక ఘనపు మీటరు గాలి బరువు దాదాపు 1.2 కిలోలు, హైడ్రోజన్ బరువు 0.09 కిలో మాత్రమే. లెక్క వేసి చూడండి, బెలూను సుమారు 600 కిలోలు మోయగలదు. అయితే తన బరువూ తీగ బరువూ అందులోవే. పైకి వెళ్ళేకొద్దీ మోయవలసిన తీగ పెరుగుతుంది. అందుకే అది సాధారణంగా 1,500 మీటర్లు దాటేది కాదు.

"విమానాలు అంతకంటె ఎత్తున పోవచ్చుగా?" అంటారేమో. కావలసింది అదే! కిందికి దూసుకువచ్చి గురిచూసి బాంబు వేసే అవకాశం పోతుంది. చాలా తక్కువ ఎత్తులో రివ్వున దాటిపోయే విమానం మీదికి ఫిరంగిని తిప్పడం కష్టం. ఎత్తున వెళ్ళేదానికి గురిపెట్టడానికి వ్యవధి దొరుకుతుంది.

తెగించి కిందికి వచ్చినవాటికి మరో ఏర్పాటు ఉండేది. విమానం తగలగానే చిన్న మందుగుండు పేలి తీగ రెండువైపులా తెగుతుంది, రెండు కొనల్లోనూ పారాచూట్లు విచ్చుకుంటాయి. వాటిని ఈడ్వలేక విమానం వేగం కోల్పోయి కూలుతుంది. తీగకు తన పర భేదం లేదు మరి, బ్రిటిష్ విమానాలూ దానికి బలయ్యాయి.

గాలివానలో ఈ బెలూన్లను అదుపు చేయడం బండచాకిరీ. ఆడవాళ్ళవల్ల అవుతుందా అని మొదట సందేహించినా, 1941 నుంచి ఎన్నోచోట్ల ఆ పని చేసింది వాళ్ళే.

1944 వేసవిలో జర్మనీ పైలట్ లేని వి-1 ఎగిరే బాంబులను ప్రయోగించింది. యంత్రానికి భయమెక్కడిది? తీగలను చూసి పైకి పోదు. ఇక బెదిరించి లాభంలేదు, పట్టుకోవలసిందే. లండన్‌కు దక్షిణాన కొండల వరుస మీద సుమారు 2,000 బెలూన్లను దట్టంగా నిలిపారు. రెండు వందలకు పైగా వి-1లు ఆ తీగల్లో చిక్కాయి. చిక్కినవి కూలి పేలకపోలేదు. కాకపోతే అవి పడింది లండన్ వీధుల్లో కాదు, కెంట్, సర్రే ప్రాంతాల పల్లెపట్టుల్లో.