రేడియో స్టాండు ఉన్న గోడ

నెల రోజులుగా మా హాల్లో నేల మీద సుద్దముక్కతో గీసిన గుర్తులు మూడున్నాయి. రాయపూర్ తాటీబంధ్‌లో మాది రెండు పడకగదుల ఫ్లాటు. హాలు 22 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. సగంలో సోఫా, టీవీ. మిగతా సగం నా ఆఫీసు. గుఢియారీ బజారులో టోకు వ్యాపారం చేసేవాళ్లకు జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టడం నా పని. వైర్‌లెస్ స్పీకర్లు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి గీసుకున్న గుర్తులవి.

మొదటిరోజే అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఒక మాట అడిగింది. "వంటింట్లోకి ఇనబడకపోతే అవెందుకే?"

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. అరవై ఏళ్లకిందట ఇదే ఊళ్లో, రైల్వే క్వార్టర్లో, మా మామ్మ తాతగారిని అదే అడిగిందట. అప్పుడు తాతగారు చేసిన ఏర్పాటు ఏమిటో, ఎందుకలా చేశారో అర్థమయ్యాకే నా గుర్తులు చెరిపి మళ్లీ గీశాను.

విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ దాకా బెంగాల్ నాగపూర్ రైల్వే వేసిన లైను 1931లో పూర్తయింది. కొండలు దాటుకుని వచ్చే ఆ పట్టాల వెంటే ఉత్తరాంధ్ర జనం ఎందరో ఇక్కడికి వచ్చారు. మా తాతగారిది పార్వతీపురం దగ్గర పల్లె. గూడ్సు గార్డుగా 1950లలో రాయపూర్ చేరేనాటికి ఆ కంపెనీ పోయి సౌత్ ఈస్టర్న్ రైల్వే వచ్చింది. క్వార్టరుకు ముందుగది ఒకటి, వెనక గది ఒకటి, ఆ పక్కన వంటిల్లు. 1961లో ఆయన వాల్వు రేడియో కొన్నారు.

కొనడంతో అయిపోయేది కాదు. వైర్‌లెస్ పరికరం ఏదైనా ఇంట్లో ఉండాలంటే 1933 నాటి చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. పోస్టాఫీసులో ఏడాదికి 15 రూపాయలు కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. ఆ పుస్తకం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. అట్ట చిరిగింది కానీ ముద్రలు చెరగలేదు. ఇంటి కాగితాలతో పాటు దాన్నీ తాతగారు రేకుపెట్టెలో దాచేవారు. 1980ల నడిమికి ఆ లైసెన్సు రద్దయింది. అందాకా గాలిలోంచి వచ్చే మాట వినడానికి మనిషి ఏటేటా అనుమతి తీసుకోవలసిందే.

రేడియోని ముందుగదిలో, వీధి గుమ్మం పక్కన పెడితే అందరికీ కనిపిస్తుంది. అప్పట్లో చాలా ఇళ్లలో అదే పద్ధతి. తాతగారు మాత్రం లోపలి గోడకు, వంటింటి వైపు వెళ్లే గుమ్మాన్ని ఆనుకుని చెక్క స్టాండు కొట్టించారు. దానిమీద మామ్మ అల్లిన క్రోషియా గుడ్డ. పైన చూరు కింద ఈ మూల నుంచి ఆ మూలకు రాగితీగ జాలీ, అదే ఏరియల్. స్విచ్చు వేశాక వాల్వులు వేడెక్కేదాకా అర నిమిషం ఆగాలి. తరవాత పచ్చటి కన్ను వెలిగేది.

ఆ స్టాండు అక్కడే ఎందుకుందో నాకు పెద్దయ్యాక తెలిసింది. మొదటి కారణం మామ్మ. కత్తిపీట ముందు కూర్చుంటే ఆమె చెవికి సూటిగా ధ్వని వచ్చేది అక్కడినుంచే. రెండో కారణం కాల్ బాయ్. రన్నింగ్ స్టాఫ్ ఇళ్లకు రైల్వే మనిషి కాల్ బుక్కు పట్టుకుని వచ్చి ఫలానా బండికి ఫలానా గంటకు డ్యూటీ అని చెప్పి సంతకం తీసుకునేవాడు. రాత్రనీ పగలనీ లేదు. ఆ పిలుపు వినబడకపోతే ఉద్యోగానికే ముప్పు. అందుకని వీధి గుమ్మం వైపు నిశ్శబ్దంగా ఉండాలి, వంటింటి వైపు పాట ఉండాలి. డ్యూటీ పెట్టె, చేతిదీపం, పచ్చ జెండా, ఎర్ర జెండా ఉండేదీ ఆ ముందుగదిలోనే. చుట్టాలు కూర్చునేదీ అక్కడే. ఇల్లూ ఆఫీసూ ఒకే గదిలో ఇమడడం ఈ కాలపు సంగతి అనుకుంటాం. మా ఇంట్లో అది 1961 నాటికే ఉంది.

అప్పటికి రాయపూర్‌లో రేడియో స్టేషన్ లేదు. 1952లో బి.వి. కేస్కర్ కేంద్రంలో సమాచార ప్రసార మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాటకు చోటు తగ్గింది. ఆ పాటలకోసం దేశమంతా రేడియో సిలోన్ వైపు తిరిగింది. బుధవారం రాత్రి బినాకా గీత్‌మాలాలో అమీన్ సయానీ గొంతుకోసం మా లైనులో ఇంటింటా కిటికీలు తెరిచి ఉండేవట. మామ్మ ఎదురుచూసింది మాత్రం అదే సిలోన్ నుంచి తెలుగులో మాట్లాడే మీనాక్షి పొన్నుదురై గొంతుకోసం. ఢిల్లీ నుంచి పన్యాల రంగనాథరావు చదివే తెలుగు వార్తలు తాతగారివి. 1957లో వివిధ భారతి మొదలయ్యాక సినిమా పాట మెల్లగా ఆకాశవాణికి తిరిగొచ్చింది.

1963 అక్టోబరు 2న ఆకాశవాణి రాయపూర్ మొదలైంది. విశాఖపట్నం కేంద్రం కూడా ఆ ఏడాదే వచ్చింది. మా ఇంటికి సంబంధించినంతవరకు ఒకే సంవత్సరంలో పుట్టింటి గొంతు, మెట్టినింటి గొంతు రెండూ పుట్టాయి. రాయపూర్ కేంద్రం చౌపాల్ కార్యక్రమంలో బర్సాతీ భయ్యా ఛత్తీస్‌గఢీలో మాట్లాడుతుంటే చుట్టుపక్కల పల్లెలన్నీ చెవి ఒగ్గేవి. మామ్మ ఛత్తీస్‌గఢీ నేర్చుకున్నది బజారులో కాదు, ఆ స్టాండు కింద కూర్చునే.

నేను 1971లో పుట్టాను. నాకు గుర్తున్నది రాత్రులు. మీడియం వేవ్ తరంగాలను పగలు ఆకాశంలో కింది పొర ఒకటి పీల్చేస్తుంది. పొద్దుపోయాక ఆ పొర చెదిరిపోయి, తరంగాలు ఇంకా పైనున్న పొరకు తగిలి వందల మైళ్ల అవతల దిగుతాయి. ఆ సంగతి తాతగారికి పుస్తకాల ద్వారా తెలియదు, వేళ్లకు తెలుసు. 1978 నవంబరులో స్టేషన్లన్నిటినీ 9 కిలోహెర్ట్జ్ ఎడం చొప్పున మళ్లీ సర్దారు. ఆ లెక్కలో విజయవాడ 837, విశాఖ 927, రాయపూర్ 981. మా డయల్ మీద ముల్లు అంగుళమైనా జరగకుండా ఆ మూడు ఊళ్లూ వరసగా తగిలేవి. అన్నం తిన్నాక తాతగారు మీటను గోటితో తిప్పినట్టు తిప్పేవారు. ఎగిసిపడుతూ, మునిగిపోతూ విశాఖ వచ్చేది. మాట ఒక అల మీద దగ్గరికొచ్చి ఇంకో అల మీద దూరమయ్యేది. అప్పుడు ఇంట్లో ఎవరూ గిన్నె కూడా కదిపేవారు కాదు.

నా చదువంతా హిందీ మీడియం. తెలుగు అక్షరాలు నాకు పదో ఏట గానీ రాలేదు. భాష మాత్రం అంతకుముందే వచ్చేసింది, ఆ గోడమీంచి. మామ్మ పొయ్యి దగ్గరినుంచి, "పిల్లా, కొంచెం పెంచు, ఇనబడ్డం లేదు," అనేది. ఇంతలో వీధిలో సైకిలు చప్పుడైతే తాతగారు చెయ్యెత్తేవారు. తగ్గించేదాన్ని. పెంచమన్నది ఒకరు, తగ్గించమన్నది ఒకరు. ఇద్దరి మధ్య నా చెయ్యి మీట మీద ఉండేది.

మెల్లగా ధ్వని గోడ దిగింది. నాన్న ట్రాన్సిస్టర్ కొన్నారు. అది పెరట్లోకి, మంచం మీదికి, డ్యూటీకి కూడా వెళ్లేది. ఈలోగా టీవీ కూడా దగ్గరికొచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపించిన సైట్ ప్రయోగంలో రాయపూర్ చుట్టుపక్కల పల్లెలూ ఉన్నాయి. ఆ ప్రయోగంలో నన్ను ఇప్పటికీ పట్టుకునే అంశం ఒకటుంది. బొమ్మ ఒకటే, మాటకు మాత్రం రెండు దారులు. ఆంధ్ర పల్లెలు ఆ బొమ్మను తెలుగులో వింటే, కర్ణాటక పల్లెలు అదే బొమ్మను కన్నడంలో విన్నాయి. ఒకే చోట ఇద్దరికి రెండు రకాల ధ్వని కావలసి వస్తుందని ఆ ఏర్పాటు చేసినవాళ్లు గుర్తించారు.

1977లో రాయపూర్‌కు దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1987లో రామాయణం వచ్చేసరికి ఇంటింటా టీవీ. కుర్చీలన్నీ ఒకవైపు తిరిగాయి. ధ్వని ఎదుట కూర్చున్నవాళ్లదైపోయింది. వంటింట్లో ఉన్నవాళ్లకు హాల్లోంచి నవ్వులు మాత్రమే వినిపించేవి. మామ్మ చివరి ఏళ్లన్నీ అలాగే గడిచాయి. రేడియో స్టాండు ఖాళీగా ఉండేది. ఆమె అడగలేదు, మేమూ గమనించలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

2005 జనవరిలో కేంద్రం ఒక నిబంధన తెచ్చింది. 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదంది. ఎరిక్సన్ కంపెనీలో మొదలై 1998లో కొన్ని సంస్థల కూటమి చేతికి వచ్చిన బ్లూటూత్ పనిచేసేది ఆ పట్టీలోనే, చాలా ఇళ్లలో వైఫై నడిచేదీ అందులోనే. మా తాతగారు ఏటా 15 రూపాయలు కట్టిన వైర్‌లెస్, నా కాలానికి ఏ ముద్రా లేకుండా జేబులోకి వచ్చింది. ఆ రెండు కాలాల మధ్య తేడా ఇంత పెద్దదని పోస్టాఫీసు పుస్తకం పక్కన ఫోను పెట్టి చూసిన రోజున తెలిసింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి నా ఆఫీసు హాల్లోకి మారింది. మొదట టీవీ కింద పొడుగాటి స్పీకరు ఒకటి పెట్టాను. వ్యాపారులు వీడియోలో మాట్లాడితే అంకెలు బోలుగా మోగి, ఫిఫ్టీన్ ఏదో ఫిఫ్టీ ఏదో తెలిసేది కాదు. స్పీకరును తప్పుపట్టాను. తప్పు గదిది. మా పాత క్వార్టరులో సున్నపు గోడలు, పెంకుల కప్పు, మడతపెట్టిన బొంతలు, ట్రంకుపెట్టెల మీద దుప్పట్లు ఉండేవి. అవి ధ్వనిని తాగేసేవి. ఇక్కడ నేల నున్నటి టైల్సు, పైన కాంక్రీటు, ఒకవైపు అద్దం. మాట ఒకసారి పుట్టి నాలుగుసార్లు చెవికి తగులుతుంది. ఆరుబయటైతే దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడలు తిప్పికొడతాయి గనక అంత తగ్గదు. పైగా స్పీకరును మూలకు నెడితే మంద్రం ఉబ్బి పక్క గదిలో నిద్రపోయేవాళ్లకు గోడలోంచి గుబగుబమంటుంది.

అందుకే ముందు కొన్నది స్పీకర్లు కాదు. దళసరి తెరలు రెండు, ఒక జంపఖానా. అద్దం ఎదుటి గోడకు ఫైళ్ల అలమర జరిపాను. చప్పట్లు కొట్టి చూస్తే గంటలా మోగే గది తలుపు తట్టినట్టు పొడిగా పలికింది. అప్పుడు కూర్చుని తాతగారిలా ఆలోచించాను: ఏ వైపు ధ్వని ఉండాలి, ఏ వైపు ఉండకూడదు?

నా బల్ల దగ్గర ఉండకూడదు. మీటింగు మాట నాకొక్కదానికే చాలు, చెవిలో పెట్టుకుంటాను. మైకుకు స్పీకరు ధ్వని తగలకపోతే అవతలివాళ్లకు వాళ్ల గొంతు తిరిగి వినబడదు. సినిమాకు రెండు స్పీకర్లు, సోఫాకు రెండు పక్కలా, కూర్చున్నవాళ్ల చెవి ఎత్తులో, మూలలకు దూరంగా. వాటికి టీవీ నుంచి తీగే వేశాను. మామూలు బ్లూటూత్‌లో మాట సెకనులో పదో వంతు, ఒక్కోసారి అయిదో వంతు ఆలస్యంగా వస్తుంది. పెదవి కదిలాక పలుకు వస్తే పెద్దవాళ్లు తికమకపడతారు. వైర్‌లెస్ అన్నంతమాత్రాన ప్రతిచోటా తీగ తీసేయనక్కర్లేదు. తాతగారి వైర్‌లెస్‌కూ చూరు కింద రాగి జాలీ ఉండేది కదా.

మూడోది వైఫై మీద నడిచే చిన్న స్పీకరు. దాని గుర్తు మొదట కిటికీ దగ్గర గీశాను, అక్కడ అందంగా ఉంటుందని. ఇప్పుడు చెరిపేశాను. వంటింటి గుమ్మాన్ని ఆనుకుని గోడకు చెక్క స్టాండు కొట్టించాను. అమ్మ పొయ్యి ముందు నిలబడదు, మోకాళ్ల నొప్పి. చిన్న స్టూలు మీద కూర్చుని కూర తరుగుతుంది. ఆ స్టూలు మీద నేను కూర్చుని, నా చెవి ఎక్కడుందో చూసి, అక్కడ మేకు కొట్టించాను.

ఆదివారం పొద్దున ప్రసార భారతి యాప్‌లో విశాఖపట్నం కేంద్రం పెట్టాను. అల లేదు, మునక లేదు, పక్కింటి నుంచి వచ్చినంత తేటగా వచ్చింది. అమ్మ బెండకాయలు తరుగుతూ కాసేపు కత్తి ఆపింది. తరవాత నన్ను పిలిచింది.

"కొంచెం తగ్గించవే."

"ఎక్కువైందా?"

"లేదే. నువ్వు పిలిస్తే ఇనబడాల గదా."

రెండు గీతలు తగ్గించాను.