వెన్ను విరిగినవారి మూత్రాశయం

తాటిచెట్టు మీద మోకు జారితే గీత కార్మికుడు నిలువునా నేలమీద పడతాడు. పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెలకు ఇది తెలియని ఆపద కాదు. గోదావరిఖని, బెల్లంపల్లి వంటి బొగ్గుగనుల్లో కప్పు కూలి నడుము విరిగినవారి స్థితీ ఇటువంటిదే. కాళ్లు చచ్చుబడటం అందరికీ కనబడుతుంది. కనబడని సంగతి మరొకటి ఉన్నది: మూత్రాశయం మాట వినడం మానివేస్తుంది.

మూత్రాశయం నిండిన వార్త వెన్నుపాము వెంట మెదడుకు చేరవలెను. విడువుమనో, ఆగుమనో ఆజ్ఞ తిరిగి దిగవలెను. ఆ దారి తెగితే ఏమవుతుంది? వెన్నుపాము కొస దెబ్బతిన్నప్పుడు సంచి సోలిపోయి, నిండి, పొర్లుతుంది. దెబ్బ అంతకు పైన తగిలితే సంచి తనంతట తానే ముడుచుకుంటుంది; తరచు అదే సమయంలో ద్వారపు కండరం కూడా బిగుసుకుంటుంది. పోయే దారిలేక ఒత్తిడి మూత్రపిండాలకు ఎక్కుతుంది. బట్టలు తడవడం అవమానమే, కాని ప్రాణాపాయం మాత్రం ఈ ఒత్తిడి వల్లనే.

క్రీ.పూ. 1600 ప్రాంతపు ఈజిప్టు వైద్యపత్రం ఒకటి మెడ విరిగి, తెలియకుండానే మూత్రం కారే రోగిని వర్ణించి, చికిత్స లేదని విడిచిపెట్టింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికీ పరిస్థితి పెద్దగా మారలేదు. వెన్ను విరిగిన సైనికులు అధికభాగం మూత్రంలో చీము పట్టియో, పడకపుండ్లు ముదిరియో చనిపోయారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ ఈ రెండింటితోనే పోరు ప్రారంభించాడు. సూక్ష్మజీవులు సోకకుండా శుద్ధిచేసిన గొట్టంతో, వేళ తప్పక మూత్రం తీయించాడు. అయితే ఆ పని వైద్యుల చేతిలోనే ఉండేది; రోగి ఆసుపత్రి దాటితే ఏమి గతి?

ఆ చిక్కు విప్పినవాడు అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయపు జాక్ లాపిడెస్. 1972లో ఆయన చెప్పిన మాట చాలామంది వైద్యులకు మింగుడుపడలేదు. సంచి అతిగా సాగినప్పుడు దాని గోడలకు రక్తం సరిగా అందదు, అందుచేతనే క్రిములు నాటుకుంటాయి. కనుక వేళకు ఖాళీ చేయడమే ముఖ్యం, గొట్టం శుభ్రంగా ఉంటే చాలు అన్నాడు. అంటే సబ్బుతో చేతులు కడుక్కొని రోగి తానే, తన ఇంట్లోనే ఈ పని చేసుకోవచ్చు. వైద్యుని చేతిలోని పని రోగి చేతికి వచ్చింది.

మన పొరుగున వెల్లూరులో 1954 ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన డాక్టరు మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చుండియే శస్త్రచికిత్సలు చేశారు. అక్కడి పునరావాస సంస్థ 1966లో ఆమె పూనికతో వెలసింది.

సాధారణంగా నాలుగు నుండి ఆరు గంటలకొకసారి గొట్టం పెట్టుకోవలెను. ఒక్కమారు 400, 500 మిల్లీలీటర్లు మించి నిలువనీయరాదు. మూత్రం వస్తుందన్న భయంతో నీరు మానేవారు ఉన్నారు. రామగుండం ఎండల్లో అది మరీ ప్రమాదం, రాళ్లు ఏర్పడతాయి. నీరు తాగే వేళా, తీసే వేళా కాగితం మీద రాసుకొని, ఏడాదికొకసారైనా మూత్రపిండాలను పరీక్ష చేయించుకుంటే దుకాణంలో కూర్చొనవచ్చు, బస్సెక్కి పెళ్లికీ పోవచ్చు.