అండాశయము - అంతరంగము

మా బాన్సువాడలో పదవ తరగతి చదువుచున్న బాలిక యొకతె కొన్ని నెలలపాటు ముఖమునకు చున్నీ చుట్టుకొని బడికి వచ్చుచుండెను. పై పెదవిమీద వెండ్రుకలు మొలచుటయే కారణమని పిదప తెలిసినది. వైద్యులు పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనిరి. ఇంటివారు 'నీటిబుడగల రోగ'మనిరి. నిజమునకవి వ్యాధిబుడగలు కావు. పక్వమునకు రాక మధ్యలో నిలిచిపోయిన అండకోశములు. పేరే భయపెట్టు నీ వ్యాధి చరిత్రను మేమంతట వెదకితిమి.

1721వ సంవత్సరమున ఇటలీ వైద్యుడు వాలిస్నేరి, పెండ్లియై సంతానము లేని, కొంచెము స్థూలకాయురాలగు పల్లెపడుచు అండాశయములను వర్ణించెను. అవి తెల్లగా మెరయుచు పావురపు గ్రుడ్లంత యుండెనట! ఆ యిల్లాలు సంతులేక యెట్లు దినములు గడపినదో ఆ వర్ణననుబట్టి మనకు తెలియదు. 1935లో చికాగో నగరమున స్టైన్, లెవెంథాల్ అను వైద్యులు ఏడుగురు స్త్రీలనుగూర్చి ప్రకటించిరి. అండాశయమున కొంతభాగమును కోసివేయగా అందరికిని ఋతుక్రమము మరలివచ్చినది, ఇద్దరు గర్భవతులైరి. గొప్ప విజయమే, కాదనము. తక్కిన యైదుగురి మాట యేమి? 2003లో రాటర్‌డామ్‌లో కూడిన పండితులు ఈ వ్యాధికి మూడు లక్షణములు నిర్ణయించి, వానిలో రెండున్న చాలుననిరి. అండము సరిగా విడుదల కాకుండుట, పురుష హార్మోన్లు హెచ్చుట, అండాశయపు రూపము - ఆ మూడింటిలోను మనస్సు లేదు.

గర్భధారణకు తోడ్పడువానిలో మనఃప్రసన్నతయే శ్రేష్ఠమని చరకసంహిత సూత్రస్థానమున నున్నది. అట్లని పూర్వులను తలచి గర్వించుటకు వీలులేదు. 'గొడ్రా'లను మాటను పెంచినవారమును, పేరంటములలో ఆమెను వెనుకకు నెట్టినవారమును మనమే.

పది దేశముల పరిశోధనలను కూర్చి 2017లో ప్రకటించిన లెక్కలలో ఈ వ్యాధిగల స్త్రీలలో నూటికి సుమారు 37 మందియందు విషాదలక్షణములు కనబడినవి. వ్యాధి లేనివారిలో 14 మందియందే. హార్మోన్ల వికారము కొంత కారణము కావచ్చును. కాని మొటిమలను, బరువును, గడ్డమునుగూర్చి చుట్టములాడు మాటలు ఏ హార్మోను పని? చికిత్సతో అనేకులు తల్లులగుచున్నారన్న సంగతిని ఆ చుట్టములు చెప్పరు.

రోగనిర్ణయము నాడే విషాదమును, ఆందోళనను విచారించవలెనని అంతర్జాతీయ మార్గదర్శకములు 2018లో విధించినవి. వాలిస్నేరి నాటినుండి 297 ఏండ్లు! 2022 అక్టోబరు 10న టెలిమానస్ అను ఉచిత మానసిక సహాయసేవ దేశమంతట 14416 అను సంఖ్యపై మొదలైనది. మరుసటి మార్చి 8న తెలంగాణలో 'ఆరోగ్య మహిళ' మొదలైనప్పుడు ఋతుదోషములకు, సంతానలేమికి, బరువు నియంత్రణకు అందు చోటు దొరకినది.

మొన్న ఆ బాలిక తల్లి మాయొద్దకు వచ్చినది. "సారూ, పిల్ల పెండ్లికి ఇది అడ్డమైతదా?" అని ఆమె యడిగినది. ఇంకేమియు అడుగలేదు. బాలిక గోడవైపు చూచుచుండెను. మేము ఆ సంఖ్యను ఒక కాగితపు ముక్కపై వ్రాసి, తల్లికి గాక బాలిక చేతికిచ్చితిమి.